కుర్చీ లేని పానశాల

మన కథల్లో తాగుబోతులకు కొరత లేదు. తాగి ఇంటికొచ్చే మొగుడు, తాగి అరుగు మీద పడిపోయే తండ్రి, తాగినప్పుడు మాత్రమే నిజం మాట్లాడే స్నేహితుడు, కావలసినంతమంది ఉన్నారు. వీళ్ళు తాగిన చోటు ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ రాయరు. నేను చదివినంతలో మనిషి ఒక పేరాలో ఇంట్లోంచి వెళ్తాడు, తర్వాతి పేరాలో తూలుతూ తిరిగొస్తాడు. మధ్యలో ఆ గంట, ఆ గది, ఆ బల్ల రచయితకు పట్టవు. ఖయ్యామును తెలుగులోకి తెచ్చిన దువ్వూరి రామిరెడ్డి తన కావ్యానికి ‘పానశాల’ అని పేరు పెట్టారు. శాల అన్నాక కప్పు, గోడలు, కాస్త కూర్చునే చోటు ఉండాలి గదా! పశువులకు కూడా గోశాల ఉంది. మన వైన్ షాపుకు ఆ మాట తగిలించి చూడండి, నవ్వొస్తుంది.

రచయితల్ని అని లాభం లేదు లెండి. వర్ణించడానికి అక్కడేముంది? ఇనుప గ్రిల్, అందులో చెయ్యి మాత్రం పట్టే కంత. వెనక అట్టపెట్టెలు, రెండు ఫ్రిజ్‌లు, సీసీ కెమెరా, దేవుడి పటం. బోర్డు మీదా దేవుడి పేరే, దాని పక్కన ‘వైన్స్’. తీరా వైన్ కావాలంటే కుర్రాడు పై అరలోంచి గోల్కొండ రూబీ తీసి దుమ్ము దులుపుతాడు. ఆనుకుని పర్మిట్ రూమ్. రేకుల షెడ్డు, ఛాతీ ఎత్తున గట్టు, ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ళ ప్యాకెట్లు, మంచింగ్‌కి పల్లీలో ఉడికిన గుడ్డో. ఒంటికి వెళ్ళడానికి వెనక గోడ. నేను చూసినవాటిలో చాలా చోట్ల కుర్చీ అన్నదే లేదు.

ఈ మాటెత్తితే ఆఫీసులో ఠక్కున వచ్చే జవాబొకటి ఉంది: “మన జనానికి టేస్ట్ లేదు బాస్.” నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. జూబ్లీహిల్స్‌లో ఇటుకలు బయటికి కనిపించే గోడల మధ్య, పసుప్పచ్చ బల్బుల కింద, తోలు సోఫాలో కూర్చుని ఈ మాట అనడం తేలిక. డబ్బు పెట్టగలవాడికి సోఫా, మేస్త్రీ పని చేసి వచ్చినవాడికి గట్టు. దాన్ని టేస్ట్ అనకండి.

షాపు పెట్టేవాడి లెక్క ఒకసారి చూడండి. 2023లో తెలంగాణలో 2,620 షాపులకు లాటరీ తీశారు. దరఖాస్తు రుసుము 2 లక్షలు, షాపు వచ్చినా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. 1,30,000కు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 2,600 కోట్ల పైచిలుకు అన్నమాట! 2025లో ఆ రుసుమును 3 లక్షలు చేశారు. ఆంధ్రలో 2019 తర్వాత ఐదేళ్ళు ప్రభుత్వమే షాపులు నడిపింది. 2024 అక్టోబరులో 3,396 షాపులను లాటరీ మీదే ప్రైవేటుకు ఇచ్చింది. అక్కడా రుసుము 2 లక్షలు. రెండు చోట్లా చీటీ తగిలినవాడి ఆయుష్షు రెండేళ్ళు.

రెండేళ్ళ కోసం టేకు అరలు ఎవడు చేయిస్తాడు? త్వరలో పారేస్తారని తెలిసిన కోడ్‌ను ఎవరూ శుభ్రంగా రాయరు, నా వృత్తిలో రోజూ చూస్తున్నదే. పైగా సరుకు ప్రభుత్వ కార్పొరేషన్ డిపో నుంచే రావాలి, ధర సీసా మీదే అచ్చయి ఉంటుంది. నాసిక్ తోటలకు వెళ్ళి తనకు నచ్చిన నాలుగు రకాలు తెచ్చుకుని, నాలుగు బల్లలు వేసి, దేనితో ఏది తింటే బాగుంటుందో చెప్పి అమ్ముకుందామనుకునే పిచ్చివాడు ఎక్కడైనా ఉంటే, అతనికి ఈ ఏర్పాటులో చోటు లేదు. చీటీ తగలడానికి ఆ పిచ్చి అక్కర్లేదు, డబ్బుంటే చాలు.

అదే హైదరాబాదులో పాత ఇరానీ హోటల్ చూడండి. పాలరాతి బల్లలు, వంచిన చెక్క కుర్చీలు. ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కట్ల మీద గంట గడిపినవాళ్ళు ఎంతమంది! ఆ కుర్చీలు కొన్నాయన తన తర్వాత కొడుకు కూడా ఆ గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడనుకుని కొన్నాడు. కల్లు కాంపౌండ్‌లో కూడా బెంచీలుంటాయి, గుడాలుంటాయి, ఆడవాళ్ళూ కూర్చుంటారు. కల్తీ సంగతి తెలియక కాదు. క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రాజోలమ్ కలిపిన కల్లు మనుషుల్ని తినేసింది. నేనంటున్నది చోటు గురించి.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. దువ్వూరివారి నెల్లూరు జిల్లాలోనే దూబగుంట కూడా ఉంది. 1992లో రోశమ్మ, ఆమెతోపాటు చదువుకుంటున్న ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా పోయింది, 1995లో మద్యం మొత్తం నిషేధించారు, 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. వాళ్ళ పోరాటం చూసిన నేల మీద కుర్చీలడగడానికి సిగ్గులేదా అంటారు. లేదు. వాళ్ళు తిరగబడింది కూలి డబ్బును మింగుతూ ఊరి నడిబొడ్డుకు వచ్చిన సారా మీద, వేలంపాట పాడి దాన్ని తెప్పించిన ప్రభుత్వం మీద. ఇవాళ అదే పని బెల్టు షాపు చేస్తోంది. కిరాణా కొట్టు వెనక, గోనెసంచి కింద, పొద్దున ఆరింటికే క్వార్టర్ దొరుకుతుంది. ఆ ఉద్యమం పేరు చెప్పి కుర్చీ వద్దనేవాళ్ళు బెల్టు షాపు జోలికి ఎందుకు పోరు?

నిలబడ్డవాడు ఖాళీ కడుపుతో పది నిమిషాల్లో క్వార్టర్ దించేసి బండెక్కుతాడు. వీధి చివర పోలీసు గొట్టం నోట్లో పెట్టి ఊదమంటాడు. సరుకు పంపిందీ ప్రభుత్వమే, గొట్టం పట్టుకున్నదీ ప్రభుత్వమే. కూర్చున్నవాడు తాగడని నేననడం లేదు. పప్పన్నమో, చేపల వేపుడో ముందుంటే గ్లాసు కాసేపు బల్ల మీద ఉంటుంది. వీధిలోకి తెరిచిన కిటికీ, మంచి దీపం ఉన్న గదిలో ఎవరు ఎంత తాగారో నలుగురికీ కనిపిస్తుంది. తాగనివాడు కూడా స్నేహితుడి కోసం వచ్చి కూర్చోగలడు.

లాటరీ మానేసి, నడిపే తీరు చూసి పదేళ్ళకు లైసెన్సు ఇవ్వండి. పొయ్యి పెట్టుకోనివ్వండి. అన్నిటికంటే ముందు, గడియ పడే తలుపున్న మరుగుదొడ్డి లేనిదే షాపు తెరవనివ్వకండి. పర్మిట్ రూమ్ వెనకున్న ఆ గోడ ఎవరి ఇంటిదో, అటువైపు వంటగది ఉందో పడకగది ఉందో ఏ అధికారీ చూడడు.