పేరు చెప్పని మందు

తెలుగులో 'మందు' అనే మాటకి అర్థాలు చాలా. జ్వరానికి వేసుకునేదీ మందే, సీసాలోంచి గ్లాసులోకి వంచుకునేదీ మందే, తుపాకీలో కూరేదీ మందే. ఇంకొకటుంది. 'మొగుడికి మందు పెట్టి కొంగున ముడేసుకుంది' అంటారు చూడండి, అది. తినేవాళ్ళకి తెలియకుండా కలిపి పెట్టేది. ఆ నింద తరతరాలుగా ఆడవాళ్ళ మీదే. కానీ ఈ రోజుల్లో తెలియకుండా మందు తింటున్నదీ పూసుకుంటున్నదీ ఆడవాళ్ళే. ఆ మందు పేరు స్టెరాయిడ్.

ఇది మన ఇళ్ళలోకి రెండు దారుల్లో వస్తోంది. ఒకటి, పెళ్ళీడు పిల్ల అద్దం ముందుండే 'తెల్లబడే' ట్యూబు. రెండోది, మోకాళ్ళ నొప్పుల పెద్దావిడ దిండు కింద ఉండే కాగితం పొట్లం.

పొట్లం సంగతి మా ఇంట్లోనే చూశాను. మా అత్తగారు ఎవరో చెప్పారని పొట్లాలు తెప్పించుకున్నారు. నాలుగో రోజుకి మెట్లెక్కారు. ఆకలి పెరిగింది, ముఖం నిండుగా అయింది. 'మనిషి ఎంత తేరుకుందో' అని చుట్టాలు మెచ్చుకున్నారు. ఆరు నెలలకి షుగరొచ్చింది, బీపీ పెరిగింది, చెయ్యి గుమ్మానికి తగిలితే చాలు, నల్లగా కమిలిపోయేది. ఆ పొట్లంలో ఏముందని అడిస్తే వచ్చిన జవాబు ఒక్కటే: 'అన్నీ మూలికలేనమ్మా.' పెద్ద డాక్టరు మాత్రం ఆవిడ ముఖం చూడగానే స్టెరాయిడ్ అన్నారు. ఆ గుండ్రటి ముఖం ఆరోగ్యం కాదు, మందు గుర్తు.

ఇది ఒంట్లో ఏం చేస్తుందో తెలిస్తే గాని నా కోపం మీకు అర్థం కాదు. మెదడు అడుగున హైపోథాలమస్ అని ఒక చోటు ఉంది. అక్కడి కణాలు నాడుల కబురు విని హార్మోన్ విడుదల చేస్తాయి. అందుకే వాటిని న్యూరోఎండోక్రైన్ కణాలంటారు. అవి శనగ గింజంత పిట్యూటరీ గ్రంథికి చెబితే, అది మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకి చెబుతుంది. అవి కార్టిసాల్ తయారుచేస్తాయి. పొద్దున్నే మనం లేచేవేళకి అది ఎక్కువగా ఉంటుంది, రాత్రికి తగ్గుతుంది. జ్వరమొచ్చినా ఆపరేషన్ జరిగినా ఒళ్ళు తట్టుకునేది దాని బలంతోనే.

మన మేడమీది ట్యాంకు నిండితే మోటారు ఆపేస్తాం కదా, ఇక్కడా అంతే. కార్టిసాల్ చాలినంత ఉంటే పైవాళ్ళు కబురు పంపడం ఆపేస్తారు. డెక్సామెథసోన్ కార్టిసాల్‌కి సుమారు 25 రెట్లు బలమైనది. అది కణంలోకి దూరి, జన్యువులున్న చోటికే వెళ్ళి, ఆ కబురు హార్మోన్లను తయారుచేసే జన్యువుల నోరు నొక్కేస్తుంది. జన్యువు చెడిపోదు, చదవడం ఆగిపోతుంది. వారాలూ నెలలూ అలా బయటి నీళ్ళతో ట్యాంకు నింపుతుంటే మోటారు మూలపడుతుంది. అడ్రినల్ గ్రంథులు పనిలేక కుంచించుకుపోతాయి. అప్పుడు పొట్లం హఠాత్తుగా మానేస్తే వాంతులు, నీరసం, బీపీ పడిపోవడం. ప్రాణమే పోవచ్చు.

పైన పూసుకునేదే కదా అనుకోకండి. క్లోబెటసాల్ అనే బలమైన స్టెరాయిడ్ క్రీము రోజుకి 2 గ్రాములు పూసుకున్నా ఈ వ్యవస్థ అణగవచ్చు. రెండు వారాలకు మించి వాడకూడని మందది. మన పిల్లలు దాన్ని ఏళ్ళ తరబడి పౌడరులా రాసుకుంటున్నారు. ముందు తెల్లబడిన మాట నిజమే. తర్వాత చర్మం పల్చబడి, ఎర్రగా నరాలు తేలి, మొటిమలు, మీసం దగ్గర వెంట్రుకలు. మానేస్తే మంట. మంటకి మళ్ళీ అదే ట్యూబు.

2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి 14 రకాల పైపూత స్టెరాయిడ్లను డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదంది. మీ వీధి మందుల షాపులో మిమ్మల్ని చీటీ అడిగారా? నన్నెప్పుడూ అడగలేదు.

నేను స్టెరాయిడ్ల మీద కత్తి కట్టలేదు. 1948లో అమెరికాలో కీళ్ళవాతంతో మంచం దిగలేని ఒక 29 ఏళ్ళ స్త్రీకి మొదటిసారి కార్టిసోన్ ఇచ్చారు. రోజుల్లోనే లేచి నడిచింది. ఇచ్చిన డాక్టరు హెంచ్‌కి, మరో ఇద్దరికి 1950లో నోబెల్ వచ్చింది. ఆస్తమా పిల్లలు ఈనాడు ఊపిరి పీల్చుకుంటున్నారంటే ఈ మందు చలవే. ఇంతటి మందుని పేరు చెప్పి, లెక్క కట్టి, ఎప్పుడు తగ్గించాలో రాసి ఇస్తే అది వైద్యం. మూలికని చెప్పి ఇస్తే మందు పెట్టడమే.

'పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్తే ఒక రోజు కూలీ పోతుంది, నీకేం తెలుసు' అంటారు. నిజమే. ఊళ్ళో చెయ్యిపట్టి చూసేవాడే దిక్కయిన వాళ్ళని నేను తప్పుపట్టను. కానీ పేరు రాసివ్వడానికి డబ్బు అక్కర్లేదు. రాసివ్వనంటున్నాడంటే, రాస్తే దొరికిపోతాడని.

ఇక తెల్లతోలు మోజు. దీనికి షాపువాడిని ఒక్కడినే తిట్టి ఊరుకోలేం. పెళ్ళిచూపుల్లో 'పిల్ల కాస్త చామనఛాయ' అని నోరు జారేది మగవాళ్ళకన్నా ఎక్కువగా మన అమ్మలూ అత్తలూ పిన్నులే. ఆ మాట విన్న పిల్ల మర్నాడే ట్యూబు కొంటుంది. ఆ మాట మన ఇళ్ళలో వినపడకుండా చేస్తే సగం ట్యూబులు అమ్ముడుపోవు.

అందుకని, ఇంటి అల్మారా ఒకసారి తెరవండి. ట్యూబు మీద చిన్న అక్షరాలు చదవండి. బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ అని ఉంటే అది అందానికి కాదు. పేరులేని పొట్లం ఇచ్చేవాళ్ళని పేరు రాయమనండి. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్ళు భయపడి రేపే మానేయకండి. మిగిలిన పొట్లంతోనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి, మెల్లమెల్లగా తగ్గిస్తారు.

కూరగాయలవాడి దగ్గర వంకాయ పుచ్చుందేమోనని నాలుగుసార్లు తిప్పి చూస్తాం. నోట్లో వేసుకునే మందుకి పేరడగడానికి మొహమాటమెందుకు?