బొగ్గుముక్క నేర్పిన పాఠం

కష్టం వచ్చినప్పుడు మనిషి తనపై తానే తీర్పు చెప్పుకోవడం సహజం. పరీక్ష తప్పిన విద్యార్థి 'నేను చదువుకు పనికిరాను' అనుకుంటాడు. పంట పోగొట్టుకొన్న రైతు 'నా రాత ఇంతే' అని నిట్టూరుస్తాడు. ఇవి తీర్పులే గాని ప్రశ్నలు కావు. తీర్పు ఆలోచనకు తలుపు మూస్తుంది. ప్రశ్న ఆ తలుపు తెరుస్తుంది. సొంత కష్టాన్ని ప్రశ్నగా మార్చుకోగల శక్తియే సృజనాత్మకత. అది కవులకో శాస్త్రజ్ఞులకో మాత్రమే లభించిన వరం కాదు. బ్రతుకు బరువు మోసే ప్రతి మనిషికీ అది అవసరమే.

ఇందుకు నిదర్శనం మరిపెడ ప్రాంతంలోనే ఉంది. పూర్వం వరంగల్లు జిల్లాలో ఉండి, 2016లో మహబూబాబాదు జిల్లాలో చేరిన ఈ ప్రాంతంలోనిదే చిన్నగూడూరు గ్రామం. మహాకవి దాశరథి కృష్ణమాచార్యులు 1925లో అక్కడ జన్మించారు. నిజాం నిరంకుశత్వాన్ని ఎదిరించినందుకు యౌవనంలోనే ఆయన కారాగారం పాలయ్యారు. నిజామాబాదు జైలులో ఆయనకు కాగితం లేదు, కలం లేదు. కవికి అంతకు మించిన శిక్ష ఏముంటుంది? 'ఇక్కడ వ్రాయడం అసాధ్యం' అనుకొని ఉంటే అంతటితో కథ ముగిసేది. కాని 'ఇక్కడ దేనితో వ్రాయవచ్చు?' అన్న ప్రశ్నకు సమాధానం ఆ జైలులోనే దొరికింది. ఎదుట గోడ ఉంది. పళ్లు తోముకొనే బొగ్గు ఉంది. బొగ్గు కలమయింది, గోడ కాగితమయింది. తోటి ఖైదీ అయిన వట్టికోట ఆళ్వారుస్వామి ఆ సాహసంలో ఆయనకు తోడుగా నిలిచారు. గోడమీది అక్షరాలను చెరపవచ్చు గాని, ఛందస్సులో ఒదిగి కంఠస్థమైన పద్యాన్ని ఎవరు చెరపగలరు? 1949లో వెలువడిన 'అగ్నిధార'ను దాశరథి ఆ మిత్రునికే అంకితమిచ్చారు.

ఇటువంటి శక్తి మహాకవులకే సాధ్యమని కొందరు అనవచ్చు. ఆ మాట సరికాదనడానికి చింతకింది మల్లేశం జీవితమే సాక్ష్యం. ఆలేరు సమీపంలోని శారాజీపేటకు చెందిన ఈ చేనేత కార్మికుడు ఆరవ తరగతితోనే చదువు మానవలసి వచ్చింది. పోచంపల్లి పద్ధతి చీర నేయడానికి ముందు ఆసు పోయాలి. అంటే వరుసగా నిలిపిన పుల్లల చుట్టూ దారాన్ని చేతితో అటూ ఇటూ త్రిప్పాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు కదలాలి. ఆ పనితో తల్లి లక్ష్మి భుజం పడే బాధను ఆయన చిన్ననాటి నుండి చూశారు. 'నేతవాళ్ల బ్రతుకే అంత' అని ఆయన సరిపెట్టుకోలేదు. 'చేయి చేసే ఈ కదలికను యంత్రం చేయలేదా?' అని ప్రశ్నించుకొన్నారు. 1992లో ప్రారంభించిన ప్రయత్నం అప్పులను, అపజయాలను, ఇరుగుపొరుగువారి ఎగతాళిని దాటి 1999లో ఫలించింది. ఆ యంత్రానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది.

అయితే ఒక సత్యాన్ని మరువరాదు. బొగ్గుముక్క జైలు తలుపులు తెరవలేదు. ఆసు యంత్రం నేతవారి కష్టాలన్నిటినీ తీర్చలేదు. సమాజం సరిదిద్దవలసిన అన్యాయాన్ని వ్యక్తి నేర్పుకు వదలిపెట్టడం ధర్మం కాదు. కాని కష్టం ఎంత పెద్దదైనా, అందులో మార్చలేని భాగం ఏదో, చేతికందే భాగం ఏదో విడదీసి చూడడం మనిషి చేతిలోనే ఉంది. జైలును మార్చలేకపోయినా దాశరథి గోడను మార్చగలిగారు. వృత్తిని మార్చకుండానే మల్లేశం అందులోని బాధను తగ్గించగలిగారు.

పరీక్ష తప్పిన విద్యార్థికి కూడ ఇదే మార్గం. 'నేను పనికిరాను' అన్న మాటకు సమాధానం లేదు. 'ఏ పాఠం అర్థం కాలేదు? ఎక్కడ తడబడ్డాను? ఎవరిని అడగాలి?' అన్న మాటలకు సమాధానాలున్నాయి. వీటిలో చివరి ప్రశ్న అన్నిటికంటె ముఖ్యమైనది. దాశరథికి జైలులో కూడ ఒక మిత్రుడు తోడున్నాడు. కష్టాన్ని గుండెలో దాచుకొని కుమిలిపోయేవానికి అది కొండంతగా కనిపిస్తుంది. నమ్మిన వారితో చెప్పుకొన్నవానికి దానిలోని దారులు కనిపిస్తాయి. అడగడం చిన్నతనం కాదు, వివేకం.

లేనిదానిని లెక్కపెట్టుకొంటూ కూర్చున్నవానికి చీకటే మిగులుతుంది. ఉన్నదానిని వెదకినవానికి బొగ్గుముక్కలో కూడ అక్షరం కనిపిస్తుంది.