యాప్ వచ్చింది, రిజిస్టర్ మాత్రం పోలేదు

విడవలూరు: నెల మొదటి తారీఖు వస్తే సచివాలయ ఉద్యోగులు తెల్లవారుజామునే ఇంటింటికీ బయలుదేరతారు. చేతిలో ఫోను, వేలిముద్రల మెషిన్, సంచిలో పెన్షన్ డబ్బులు. ఏళ్ల తరబడి వాలంటీర్లు చేసిన ఈ పని 2024 జులై నుంచి వీళ్ల మీద పడింది. ముసలమ్మ వేలిముద్ర పడాలి, పడకపోతే ముఖమైనా పడాలి. అప్పుడే నాలుగు వేలు చేతికొస్తాయి. సముద్రం పక్క పల్లెల్లో ఏళ్లపాటు వలలు లాగిన చేతులకి, వరి నాట్లు వేసిన చేతులకి గీతలు ఎక్కడ మిగులుతాయి? మెషిన్ ఒప్పుకోకపోతే అవ్వ కోపం ఎదురుగా ఉన్న ఉద్యోగి మీదే. పైనుంచి ‘ఎంత శాతం పూర్తయింది’ అనే మెసేజ్ కూడా ఆ ఉద్యోగికే.

2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలైనప్పుడు వాటిలో డిజిటల్ అసిస్టెంట్ అని ప్రత్యేకంగా ఒక పోస్టే పెట్టారు. అంటే కంప్యూటర్ పని మనకి కొత్త కాదు. చదువుకున్న పిల్లలు, మన ఇళ్ల ఆడపిల్లలు కూడా, పరీక్ష రాసి ఈ ఉద్యోగాల్లోకి వచ్చారు. యాప్ వాడటం వీళ్లకి రాక కాదు. మరి కొత్త యాప్ అనగానే వీళ్ల ముఖాలు ఎందుకు మాడిపోతున్నాయి?

ఖర్చు ఎవరి ఖాతాలో?

కామర్స్ లెక్కలో చూస్తే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. యాప్ వల్ల వచ్చే లాభం ఆఫీసు ఖాతాలో పడుతోంది: రిపోర్టు వెంటనే వస్తుంది, పై అధికారికి అన్నీ స్క్రీన్ మీదే కనపడతాయి. ఖర్చు మాత్రం ఉద్యోగి ఖాతాలో పడుతోంది: సొంత ఫోను, సొంత డేటా, సిగ్నల్ కోసం తిరిగే టైము, సర్వర్ పడిపోతే తిట్లు. ఇక రిజిస్టర్ అలాగే ఉంటే ఒకే పని రెండుసార్లు చేయాలి.

2022 ఆగస్టులో టీచర్ల విషయంలో జరిగింది ఇదే. ముఖం చూపించి హాజరు వేసుకునే యాప్‌ని ఆ నెల 16 నుంచి తెచ్చారు. సొంత ఫోన్లలో ఎందుకు వేసుకోవాలి, నెట్‌వర్క్ లేక నిమిషం ఆలస్యమైతే పరిస్థితి ఏంటి, మా వివరాలు ఎక్కడికి పోతాయి అని సంఘాలు అడిగాయి. అప్పటి మంత్రి బొత్స సత్యనారాయణ చర్చలు జరిపి, అలవాటు పడటానికి 15 రోజులు టైమిచ్చారు. ముందు జరగాల్సిన చర్చ గొడవ తర్వాత జరిగింది. 2023 జనవరి నుంచి మిగతా ప్రభుత్వ ఉద్యోగులకూ ఇదే హాజరు వచ్చింది.

తర్వాత కొంత మారింది. బడి మరుగుదొడ్ల ఫొటోలు టీచర్లే తీసి పంపాలన్న పనిని 2024లో ఎత్తేశారు. 2025లో చాలా యాప్‌లను కలిపి ‘లీప్’ అనే ఒకే యాప్‌లోకి తెచ్చారు. టీచర్లకి కావాల్సింది ఇలాంటిదే. కొత్త యాప్ ఇవ్వడం కంటే పాత పని తీసేయడమే వాళ్లకి పెద్ద ఊరట.

కాపలా కోసం పెడితే

యాప్‌ని కాపలాదారుగా వాడితే దొంగతనం ఆగుతుందా అంటే, ఉపాధి హామీ పనుల అనుభవం వేరేగా ఉంది. కూలీల ఫొటోలు రోజుకు రెండుసార్లు పెట్టే పద్ధతిని 2023 జనవరి 1 నుంచి దేశమంతా తప్పనిసరి చేశారు. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు లేఖ రాసింది. పనికి సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారని, ఫొటోనే మళ్లీ ఫొటో తీసి పెడుతున్నారని అందులో ఉంది. మోసం చేసేవాడికి దారి దొరికింది. నిజంగా ఎండలో పనిచేసిన కూలీకి మాత్రం ఫొటో ఎక్కకపోతే ఆ రోజు కూలి పోయే భయం మిగిలింది.

దీనికి పూర్తి భిన్నమైన అనుభవం కూడా మన నెల్లూరు జిల్లాలోనే ఉంది. 1990లో ఇక్కడ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. పగలంతా కూలికెళ్లి అలసిపోయిన ఆడవాళ్లు రాత్రి బడికి వచ్చారు. ఎవరూ హాజరు బలవంతం చేయలేదు. ఆ చదువులో వాళ్ల ఇంటి గోడు, సారా వల్ల పోతున్న కూలి డబ్బులు కనపడ్డాయి కాబట్టి వచ్చారు. కలిగిరి మండలం దూబగుంటలో లేచిన ఆ గొంతు 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం దాకా వెళ్లింది. కొత్తది ఏదైనా సరే, నా కష్టం తగ్గుతుంది అని మనిషికి అనిపిస్తే చెప్పకుండానే పట్టుకుంటాడు.

మన ఇళ్లలో పరిస్థితి

మన కుటుంబాలకి ఇందులో కొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నాయి. 2025 జులై 1 నుంచి అంగన్‌వాడీలో ఇంటికిచ్చే పోషకాహారానికి ముఖం గుర్తింపు తప్పనిసరి అయింది. కాన్పయిన తల్లి మన ఇళ్లలో నలభై రోజులు చిల్లా పాటిస్తుంది, గడప దాటదు. టీచరమ్మే ఫోను పట్టుకుని ఇంటికి రావాలి. ఆ నడక ఆవిడ పనిగంటల్లో ఎవరూ లెక్క కట్టరు.

పేర్ల సంగతి ఇంకోటి. ‘షేక్’ అనే మాట ఇంగ్లిష్‌లో ఒక కార్డులో చివర హెచ్‌తో ఉంటుంది, ఇంకో దాంట్లో హెచ్ లేకుండా ఉంటుంది, మూడో దాంట్లో ‘ఎస్‌కే’ అని రెండక్షరాలే. మనిషి ఒకరే అని ఊళ్లో ఉద్యోగికి తెలుసు. యాప్‌కి తెలియదు. తెలిసిన ఉద్యోగికి అక్కడికక్కడే సరిచేసే అధికారం లేకపోతే ఖాలా పెన్షన్ కోసం మండల ఆఫీసు చుట్టూ తిరగాలి.

రంజాన్ నెలలో ముస్లిం ఉద్యోగులు ఒక గంట ముందు వెళ్లడానికి ప్రభుత్వం పర్మిషన్ ఇస్తోంది. సంతోషం. అయితే ఆ గంట జీవోలో ఉంటే చాలదు, హాజరు యాప్‌లోనూ ఉండాలి. లేకపోతే పర్మిషన్ ఉన్న మనిషే ముందుగా వెళ్లిపోయినవాడిగా రికార్డుకెక్కుతాడు.

ఏం చేస్తే పట్టుకుంటారు?

మన దీన్‌లో మష్వరాకి ఎంత విలువుందో చెప్పనక్కర్లేదు, ఖురాన్‌లో ఒక సూరా పేరే ‘షూరా’. ఇక్కడా మొదటి మెట్టు అదే. యాప్ తయారు చేయకముందు దాన్ని రోజూ వాడే పదిమందిని కూర్చోబెట్టి అడగాలి. తీరప్రాంత పల్లెలో సిగ్నల్ ఎక్కడ పోతుందో అమరావతిలో కూర్చున్నవాళ్లకంటే డిజిటల్ అసిస్టెంట్‌కి బాగా తెలుసు.

రెండోది, ఒక యాప్ తెస్తే ఒక రిజిస్టర్ మూసేయాలి. మూడోది, ఫోను, డేటా ఆఫీసే ఇవ్వాలి. నాలుగోది, నెట్ లేకపోయినా ఎంట్రీ తీసుకుని సిగ్నల్ వచ్చాక పంపేలా ఉండాలి. ఐదోది, తప్పు పడితే దిద్దే అధికారం ఊళ్లోనే ఒకరికి ఉండాలి. పర్దా పాటించే ఆడవాళ్ల ఫొటో తీయాల్సి వస్తే సచివాలయంలో ఉన్న మహిళా ఉద్యోగినే పంపాలి. హాజరు, నిఘా లాంటివి వీటన్నిటి తర్వాతే. ముందే వాటితో మొదలుపెడితే ఉద్యోగి ఆ యాప్‌ని శత్రువులా చూస్తాడు.

ఇదంతా సర్కారుకే కాదు. రొయ్యల చెరువుల లెక్కలు ఫోన్లోకి మార్చేవాళ్లకి, పదిమందిని పెట్టుకుని షాపు నడిపే మన భాయ్‌లకి కూడా వర్తిస్తుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొని, పాత ఖాతా పుస్తకం కూడా రాయమంటే కుర్రాడు రెండూ సరిగా రాయడు. ముందు ఒక నెల రెండూ సరిచూసుకోండి, లెక్క కలిస్తే పుస్తకం మూసేయండి. ఆ కుర్రాడు అరగంట ముందు ఇంటికెళ్లగలిగిన రోజు, యాప్ బాగుందని తనే చెబుతాడు.