కూతకి ఎవరు వెళ్ళాలో ఎవరు చెప్తారు?

ముందే చెప్పేస్తున్నా, నేను తెలుగులో రెండు పేజీలు రాయడం ఇదే మొదటిసారి. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. వత్తులు తప్పితే ఎడిటర్ అక్క దిద్దుతానంది. కబడ్డీ గురించి మాత్రం ఇంగ్లిష్‌లో ఆలోచించడం నాకు రాదు. ఆ ఆట నాకు తెలుగులోనే వచ్చింది, ఉక్కునగరం గ్రౌండ్‌లో నాన్న పక్కన కూర్చుని.

2025 ఆగస్టు 29న ప్రో కబడ్డీ పన్నెండో సీజన్ మన విశాఖలోనే మొదలైంది. ఏడేళ్ళ తర్వాత లీగ్ మన ఊరికి రావడం. నాన్న సి షిఫ్టు దిగి, నిద్ర కూడా పోకుండా సాయంత్రం నాతో వచ్చారు. తెలుగు టైటాన్స్, తమిళ్ తలైవాస్ మ్యాచ్. అవతల జట్టులో ఎవరున్నారు? పవన్ సెహ్రావత్. అంతకుముందు రెండు సీజన్లు మన పసుపు జెర్సీ వేసుకుని ఆడినవాడు. నా పక్క వరసలో ఒకాయన "ఆడు పోయాక మనకేటి మిగిల్తాది?" అని మ్యాచ్ మొదలవకముందే బాధపడిపోతున్నాడు. నాన్న అతని వైపు తిరిగి ఒక్క మాట అన్నారు: "ఆడున్నప్పుడు మనకేటి మిగిలింది బాబూ?"

ఆ రోజు 38-35తో మనమే ఓడాం. ఆ పక్కాయన నాన్న వైపు ఒక చూపు చూసి వెళ్ళిపోయాడు. కానీ నాన్న అడిగిన ప్రశ్న నాకు హాస్టల్ దాకా వచ్చింది. ఇంటర్నెట్‌లో పాత స్కోర్లు తీసి కూర్చున్నా, మర్నాడు డీబీఎంఎస్ ల్యాబ్ ఉందని కూడా మర్చిపోయి.

లెక్క ఇదీ. ఎనిమిదో సీజన్‌లో టైటాన్స్ 22 మ్యాచ్‌లు ఆడి గెలిచింది 1. తొమ్మిదో సీజన్‌లో 2. అప్పుడు పదో సీజన్ వేలంలో పవన్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకి కొన్నారు. అప్పటికి లీగ్ చరిత్రలో అంత ధర ఎవరికీ పలకలేదు. అతను డబ్బుకి అన్యాయం చేయలేదు, ఒక్కడే 200 పైన రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు మళ్ళీ గెలిచింది 2. మూడు సీజన్లు కలిపి 66 మ్యాచ్‌లకి 5 గెలుపులు. మా క్లాసులో బ్యాక్‌లాగ్‌లున్నవాడి పాస్ పర్సంటేజీ కూడా ఇంతకన్నా నయం.

పదకొండో సీజన్‌కి క్రిషన్ కుమార్ హుడా కోచ్‌గా వచ్చాడు. గెలుపులు 2 నుంచి 12 అయ్యాయి. ఏడో స్థానం, ప్లేఆఫ్స్ అంచు దాకా వెళ్ళి ఆగాం. అదే పవన్ ఆ సీజన్ మధ్యలో గాయంతో కొన్ని మ్యాచ్‌లు ఆడలేదు, అయినా జట్టు గెలుస్తూనే ఉంది. విజయ్ మలిక్, ఆశిష్ నర్వాల్ కూతకి వెళ్ళారు, పాయింట్లు వచ్చాయి. పన్నెండో సీజన్‌లో పవన్ అసలు లేడు. విజయ్ కెప్టెన్, తోడుగా భరత్. వైజాగ్‌లో అలా ఓడి మొదలుపెట్టిన జట్టు క్వాలిఫయర్ 2 దాకా వెళ్ళి పుణెరి పల్టన్ చేతిలో ఆగింది. 2016 తర్వాత మనం ప్లేఆఫ్స్ చూడటం అదే.

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు, వేలంలో జట్టంతా మారింది కదా, డిఫెన్స్ కూడా బాగుపడింది కదా, అంతా కోచ్ గొప్పేనా అని. కాదు. కోచ్ ఒక్కడే చేశాడంటే నేను కూడా పవన్ ఒక్కడే చేస్తాడనుకున్నవాళ్ళ తప్పే చేసినట్టు. కానీ ఒక చిన్న విషయం చూడండి. 2022 ఫిబ్రవరిలో దబంగ్ ఢిల్లీ తొలిసారి టైటిల్ కొట్టినప్పుడు ఆ జట్టు కోచ్ కూడా ఈ హుడానే. వాళ్ళ స్టార్ నవీన్ ఆ సీజన్‌లో గాయపడ్డాడు. పట్నా మీద 37-36తో గెలిచిన ఫైనల్లో నవీన్‌కి 13 పాయింట్లు, ఇంకొకతనికి 14. ఆ ఇంకొకతను విజయ్ మలిక్. అంటే ఈ కోచ్ వెళ్ళిన చోటల్లా రెండో రైడర్ కనిపిస్తున్నాడు. ఇది కాకతాళీయం అని నాకైతే అనిపించట్లేదు.

రెండో రైడర్ ఎందుకంత ముఖ్యమో కబడ్డీ ఆడనివాళ్ళకి చెప్పాలి. క్రికెట్‌లో కోహ్లీ ఔటైతే ఆ ఇన్నింగ్స్‌కి ఔటే. కబడ్డీలో రైడర్ దొరికిపోతే బయట కూర్చుంటాడు, మన జట్టు అవతలివాళ్ళని ఎవరినైనా ఔట్ చేస్తే తిరిగి లోపలికొస్తాడు. బోనస్ పాయింటు వస్తే స్కోరు పెరుగుతుంది కానీ లోపలికి ఎవరూ రారు. కాబట్టి స్టార్ బెంచీ మీద ఉన్నప్పుడు అతన్ని వెనక్కి తెచ్చేది మిగతావాళ్ళు. వాళ్ళకి చేతకాకపోతే రెండు కోట్ల అరవై లక్షలూ కుర్చీలో కూర్చుని టవల్‌తో మొహం తుడుచుకుంటూ ఉంటాయి. మేం దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అని రెండు మార్కుల ప్రశ్నకి బట్టీ పట్టాం.

రెండోది డూ ఆర్ డై. వరసగా రెండు కూతలు ఖాళీగా తిరిగొస్తే మూడోదానికి వెళ్ళినవాడు పాయింటు తేవాలి, లేకపోతే ఔట్. అందరం ఏమనుకుంటాం? కష్టమైన కూత కాబట్టి స్టార్‌నే పంపాలి. అవతల ఏడుగురికీ అతను వచ్చి తీరాలని తెలుసు, ముట్టుకోక తప్పదని తెలుసు, కాచుకుని కూర్చుంటారు. తెలివైన జట్లు చాలాసార్లు ఇంకొకడిని పంపుతాయి. పోతే వాడు పోతాడు, స్టార్ ఉంటాడు.

ఆ ఇంకొకడిని నేను. ఇక్కడి నుంచి మా సీఎస్ఈ జట్టు కథ.

పోయిన ఏడాది ఇంటర్ బ్రాంచ్ పోటీల్లో మాకో సీనియర్ ఉండేవాడు, ఇప్పుడూ ఉన్నాడు, నిజంగా బాగా ఆడతాడు. నర్సీపట్నం దగ్గర పల్లెటూరు, కాలు చాపితే అర కోర్టు. మొదటి మ్యాచ్‌లోనే మేం ఓడిపోయాం. మేం చేసిన 24 పాయింట్లలో 19 ఆయనవే. అందరూ "పాపం అన్న ఒక్కడే కష్టపడ్డాడు, మిగతావాళ్ళు దండగ" అన్నారు. నేనూ అదే నమ్మాను. తర్వాత ఎవడో ఫోన్‌లో తీసిన వీడియో చూస్తూ స్టాప్‌వాచ్ పెట్టి లెక్కేశా. 30 నిమిషాల ఆటలో అన్న బయట కూర్చున్నది దాదాపు 13 నిమిషాలు. ఆ 13 నిమిషాల్లో మేం ఏం చేయాలో మాకు ఎవరూ చెప్పలేదు. ఆయన లోపలుంటే మేం చప్పట్లు కొట్టాం, బయటుంటే తలకాయలు వేలాడేశాం.

ఈ ఏడాది ప్రాక్టీసు మొదలైన మూడో రోజు ఫైనలియర్ అక్క ఒకావిడ గ్రౌండ్ దగ్గరికొచ్చింది. స్కూల్లో ఉండగా జిల్లా స్థాయి ఆడిందట. గట్టు మీద కూర్చుని పావుగంట చూసి, లేచి, "ఏట్రా ఇది, పెళ్ళికి ఒక్కడే భోజనానికెళ్ళినట్టు" అంది. నవ్వాం. నవ్వలేదు ఆవిడ. మర్నాటి నుంచి రోజూ వచ్చింది.

ఆవిడ కొత్త ఎత్తులేవీ నేర్పలేదు. చేసిందల్లా వరస మార్చడం. అన్న ఇక ప్రతి కూతకీ వెళ్ళడు. డూ ఆర్ డైకి అసలు వెళ్ళడు. దానికి నేను, లేదా ఫస్టియర్ తమ్ముడు. నాతో అంది: "నువ్వు పాయింటు తేవద్దు. ముప్పై సెకన్లు తిరిగి బతికి రా. డూ ఆర్ డై పడితే మాత్రం ఎల్లి కుడి కార్నర్ వాడి చెయ్యి తగిలించుకుని గీతమీద పడు. సస్తే నువ్వే సస్తావు, అన్న ఉంటాడు." ఇంతకన్నా ప్రేమగా నన్నెవరూ జట్టులోకి తీసుకోలేదు.

మొదట అన్నకి నచ్చలేదు. ఎవరికి నచ్చుతుంది? పంతొమ్మిది పాయింట్లు తెచ్చినవాడిని కూర్చో అంటే. రెండు రోజులు ప్రాక్టీసుకి రాలేదు కూడా. తర్వాత వచ్చాడు, ఎందుకొచ్చాడో నేను అడగలేదు. మొదటి మ్యాచ్ సివిల్ వాళ్ళ మీద. మేం 36, అందులో అన్నవి 14. నేను మళ్ళీ స్టాప్‌వాచ్ పెట్టించా: ఆయన బయట ఉన్నది 5 నిమిషాల లోపే. పోయినేడు కన్నా తక్కువ పాయింట్లు తెచ్చాడు, జట్టుకి 12 ఎక్కువొచ్చాయి. నాకు వచ్చినవి 4, ఒంటి మీద గాయాలు 6.

అక్క గీత అవతల నిలబడి వేళ్ళతో చెప్పేది. ఒక వేలు అంటే అన్న, రెండు అంటే నేను, మూడు తమ్ముడు, పిడికిలి అంటే టైం తినేయండి. టెక్సాస్‌లో ఉన్న మా పెదనాన్న కొడుక్కి వీడియో పంపితే, అక్కడి ఫుట్‌బాల్‌లో ఈ పని చేసేవాడిని ప్లే కాలర్ అంటారని చెప్పాడు. 1994 నుంచి అక్కడి ప్రొఫెషనల్ లీగ్‌లో క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో రేడియో పెట్టి మరీ తర్వాతి ఆట ఏంటో చెవిలో చెప్తారట. కొత్త ప్లే కాలర్ రాగానే, అదే ఆటగాళ్ళతో జట్టు వేరేగా ఆడితే, టీవీలో గంటలు గంటలు దాని గురించే మాట్లాడతారట. వాళ్ళకి రేడియో, మాకు అక్క వేళ్ళు.

ఫైనల్లో మెకానికల్ మీద 2 పాయింట్ల తేడాతో ఓడాం. వాళ్ళ దగ్గర ముగ్గురు రైడర్లున్నారు, మరి. బాధ లేదు అనను, చాలా ఉంది, చివరి కూత నాదే. కానీ ఈ వ్యాసం దాని గురించి కాదు.

రన్నరప్ సర్టిఫికెట్లు 12 వచ్చాయి. ఏడుగురు, ఐదుగురు సబ్‌స్టిట్యూట్లు. ఒక్క నిమిషం కూడా లోపలికి రానివాడికీ వచ్చింది, రావాల్సిందే, రోజూ ప్రాక్టీసులో మా కింద పడ్డాడు. అక్కకి రాలేదు. అడిగితే, ఫారంలో ఆ కాలమ్ లేదన్నారు. కెప్టెన్, వైస్ కెప్టెన్, ఆటగాళ్ళు, అంతే. పోనీ ఆవిడ ఆడి తెచ్చుకోవచ్చు కదా అంటే, అమ్మాయిలకి త్రోబాల్, షటిల్, క్యారమ్స్ పెట్టారు, కబడ్డీ పెట్టలేదు. "ఎవరాడతారు?" అన్నారు. ఎవరాడతారో గీత అవతల నిలబడి ఉంది.

ఈ మాట మన కాలేజీకే పరిమితం కాదు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో మన ఆడపిల్లల కబడ్డీ జట్టు ఫైనల్లో ఇరాన్ చేతిలో 27-24తో ఓడింది. ఆ ఇరాన్ జట్టు కోచ్ ఎవరో నాకు మొన్నటిదాకా తెలియదు. శైలజా జైన్, నాసిక్ ఆవిడ. ఆట మనది, కోచ్ మనావిడ, బంగారం వాళ్ళది. ఆ ఫైనల్ గురించి మన దగ్గర ఎవరినైనా అడిగితే "ఓడిపోయాం" అంటారు. ఎవరి చేతిలో అంటే ఇరాన్ అంటారు. ఆవిడ పేరు చెప్పినవాళ్ళని నేనింకా చూడలేదు.

కోచ్‌కి రైడర్ కంటే ఎక్కువ చప్పట్లు కొట్టమని నేను అనట్లేదు. గాలి బిగబట్టి ఏడుగురి మధ్యకి వెళ్ళేది రైడరే, మోకాలు చిట్లేది అతనికే. నాన్నతో ఇదంతా చెప్తే ఆయన వేరేగా చూశారు. "ప్లాంట్‌లో షిఫ్టు చార్టు వేసేవోడి పేరు ఎవడికి తెలుస్తాది? ఆడు సరిగ్గా ఏస్తే ఎవుడూ అడగడు. తప్పేసిన రోజునే ఆడి పేరు అందరికీ తెలుస్తాది" అన్నారు. నాన్న దీన్ని ప్రపంచం తీరు అన్నట్టు చెప్పారు. నేను ఒప్పుకోలేకపోతున్నా. చార్టు కింద పేరు రాయడానికి ఒక గీత చాలు.

వచ్చే ఏడాది పోటీల ఫారం స్టూడెంట్ కమిటీయే తయారు చేస్తుంది, ఆ కమిటీలో ముగ్గురు ఈ పత్రిక చదువుతారని నాకు తెలుసు. రెండు అడుగుతున్నా. ఫారంలో కోచ్ అని ఒక వరస. అమ్మాయిల ఆటల్లో కబడ్డీ. రెండోదానికి జట్లు రావని భయమైతే, సీఎస్ఈ నుంచి ఇప్పటికే తొమ్మిది మంది పేర్లిచ్చారు, కాగితం నా దగ్గరుంది. అక్క ఈ మే నెలలో పాసై వెళ్ళిపోతుంది, కాబట్టి ఆ రెండిట్లో ఏదీ ఆవిడకి అందదు. అది చెప్తే, "నాకెందుకురా, ముందు ఆ తమ్ముడికి ఎడమ వైపు నుంచి ఎల్లడం నేర్పు" అంది. నేర్పుతున్నా. ఇంకా కుడి వైపే పోతున్నాడు.