పట్నం మనది, ఇల్లు ఎవరిది?

మన ఇంట్లో మనమే కిరాయిదారులమయ్యామన్నది ఉద్యమ కాలంలో తెలంగాణ గుండెకోత. 2014 జూన్ 2న ఆ ఇంటి తాళంచెవి మన చేతికొచ్చింది. కానీ రాష్ట్రం కోసం కొట్లాడినవాడు ఇవాళ్టికీ పట్నంలో ఒకటో తారీఖు వస్తుందంటే ఎందుకు భయపడుతున్నాడు? రాష్ట్రాన్ని ప్రేమించేవాళ్లే ఈ ప్రశ్న అడగాలి.

మన చరిత్ర నిండా కొలువుల గోసతో పాటు జాగల గోస కూడా ఉంది. తెలంగాణలో వ్యవసాయ భూముల అమ్మకాలపై ప్రాంతీయ మండలికి అదుపు ఉండాలన్నది 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందంలో ఒక షరతు. అదే ఏడాది నవంబర్ 1న విలీనం జరిగింది, షరతు కాగితం మీదే మిగిలింది. 1969లో విద్యార్థులు నెత్తురు ధారపోశారు. 2011 సకల జనుల సమ్మెలో ఉద్యోగులు 42 రోజులు జీతాలు వదులుకొని నిలబడ్డారు. ఇంత త్యాగం పాలకుల పేర్లు మారడం కోసమేనా?

సొంత రాష్ట్రంలో సంపద పెరిగింది, కాదనలేం. 2013-14లో 57 వేల కోట్ల రూపాయలున్న ఐటీ ఎగుమతులు 2023-24కు 2.68 లక్షల కోట్లు దాటాయి. తలసరి ఆదాయం పదేళ్లలో దాదాపు మూడింతలైంది. చిన్న రాష్ట్రం బతకలేదన్నవాళ్లకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు. అయితే ఆ సంపద ఎక్కడ కుప్పపడింది? తలసరి ఆదాయంలో అందరికంటే మీద రంగారెడ్డి. 2016 దాకా అదే జిల్లాలో భాగమైన వికారాబాద్ మాత్రం అట్టడుగున. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఖమ్మంలలో చదివిన పిల్లలకు కొలువంటే ఇప్పటికీ హైదరాబాద్ పడమటి దిక్కే. పాలమూరు కూలీకీ అదే దిక్కు. అందరూ అక్కడికే చేరితే కిరాయిలు పెరగక ఏమవుతాయి?

2006లో కోకాపేట భూములను వేలం వేసినప్పుడు, మా భూములు అమ్ముకుంటున్నారని తెలంగాణ మండిపడింది. 2023లో అదే కోకాపేటలో మన సర్కారే వేలం వేస్తే ఎకరం వంద కోట్లు దాటింది. దాన్ని పండుగలా చెప్పుకున్నాం! భూమి ధర పెరగడం ఖజానాకు లాభం కావచ్చు. ఆ ధర మీద కట్టే అపార్ట్‌మెంటులో ఏ టీచరు, ఏ కండక్టరు, ఏ అడ్డా కూలీ ఉండగలడు?

2015లో మొదలైన డబుల్ బెడ్‌రూం పథకం పేదవాడికి 560 చదరపు అడుగుల గౌరవం ఇస్తామన్నది. గొప్ప ఆలోచనే. కానీ కొల్లూరులో కట్టిన 15,660 ఇళ్లు పట్నం నడిబొడ్డుకు ఎంత దూరం? నాలుగిళ్లలో పాచిపని చేసుకునే తల్లి అక్కడి నుంచి రోజూ ఎట్లా రావాలి? 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షల సాయం ఉంది, మొదటి విడత సొంత జాగ ఉన్నవారికి. బస్తీలో కిరాయికి ఉండేవాడికి జాగ ఎక్కడిది?

1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడ్డ నగరాభివృద్ధి మండలి ఇరుకు బస్తీలను తీసి, పేదలకు పట్నంలోనే తక్కువ కిరాయి ఇళ్లు కట్టించింది. రాజుల కాలంలో అయిన పని ప్రజల రాజ్యంలో ఎందుకు కాదు?

మేం అడిగేది మూడే. సర్కారు భూమి అమ్మిన ప్రతిసారీ అందులో ఒక వాటా జాగ ఇళ్లు లేనివారికి కేటాయించాలి. పని దొరికే చోటనే తక్కువ కిరాయి ఇళ్లు సర్కారే కట్టాలి. కొలువులను జిల్లా పట్నాలకు పంచాలి.

నీళ్లు, నిధులు, నియామకాలు అన్నాం. ఆ వరుసలో నీడను కూడా చేర్చాల్సిన సమయమిది. రాష్ట్రం తెచ్చుకున్నవాళ్లకు ఇల్లు అడిగే హక్కు లేదా?