లాగితే ఎముక ఊరుకుంటుందా?

పిల్లలూ! అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం అడవుల అంచునున్న చర్ల వైపు కుర్రవాడు సాధనపల్లి ఆనంద్ కుమార్. అతను 2014 మే 25న మాలావత్ పూర్ణతోబాటు ఎవరెస్టు ఎక్కాడు. అంతకుముందు భువనగిరి గుట్టమీద మెట్టుమెట్టుగా అభ్యాసం చేశాడు.

ఒంటిని సాగదీసే కసరత్తుకూ అంత ఓపిక కావాలి. ఎందుకంటే, పెరిగే ఎముకల కొసల్లో మెత్తని మృదులాస్థి ఉంటుంది. తుంటి దగ్గర కండను బలంగా లాగితే, కండ తెగకముందే అది అతుక్కున్న ఎముక ముక్క ఊడిరావచ్చు! నడుమును పదేపదే వెనక్కు విరిస్తే వెన్నుపూస బీటవేయవచ్చు.

అందుకని ముందు మెల్లగా పరుగెత్తి ఒళ్ళు వేడెక్కనివ్వండి. నొప్పి పుట్టేదాకా వంగకండి. స్నేహితుణ్ణి వీపుమీద నొక్కమనకండి. తుంటిలో ‘టప్’మని కుంటినా, నడుము నొప్పి రెండు వారాలు వదలకపోయినా అమ్మానాన్నలతో చెప్పండి. మర్దనాలు మాని, డాక్టరుకు చూపించాలి.