సలామూ చేద్దాం, హిసాబూ అడుగుదాం

కరోనా రోజుల్లో పోలీసుల ఖిద్మత్ గురించి మన మహఫిళ్ళలో రెండే మాటలు వినపడతాయి. "వాళ్ళు లేకపోతే ఏమయ్యేవాళ్ళం" అని కొందరు. "వాళ్ళు చేసిందంతా జుల్మే" అని ఇంకొందరు. రెండూ తప్పించుకునే మాటలే. హిసాబ్ అంటే జమా, ఖర్చూ రెండూ రాయాలి.

ముందు జమా. 2020 ఏప్రిల్‌లో నిజామాబాద్ జిల్లా బోధన్ నుంచి ఒక తల్లి, సర్కారీ బడి టీచరమ్మ, నెల్లూరు జిల్లాలో చిక్కుకుపోయిన కొడుకు కోసం స్కూటీ మీద బయలుదేరింది. రానూపోనూ దాదాపు 1,400 కిలోమీటర్లు. చేతిలో ఉన్నది బోధన్ ఏసీపీ ఇచ్చిన చిట్టీ. ఆ కాగితమే దారి ఇచ్చింది. కొడుకుని ఇంటికి తెచ్చుకుంది. లాక్‌డౌన్‌కి ఏ నష్టమూ జరగలేదు.

ఇప్పుడు ఖర్చు. అదే నెల 20న సత్తెనపల్లిలో మందుల కోసం బయటికొచ్చిన ఒక ముసల్మాన్ భాయిని చెక్‌పోస్టు దగ్గర ఆపారు. కుప్పకూలాడు, ప్రాణం పోయింది. కొట్టారని ఇంటివాళ్ళు, గుండెజబ్బని పోలీసులు. ఎస్సై సస్పెండయ్యాడు. మే 16న తాడేపల్లిలో కాలినడకన సొంతూళ్ళకి పోతున్న వలస కూలీల మీద లాఠీ లేచింది. జులైలో చీరాలలో మాస్క్ విషయంలో పోలీసులు పట్టుకున్న దళిత యువకుడు చనిపోయాడు. ఇది మన ఖౌమ్ దర్ద్ ఒక్కటే కాదు, గరీబులందరి దర్ద్.

హుకుం మీరితే అప్పటి కానూన్ ఏం చెప్పింది? ఐపీసీ సెక్షన్ 188. ప్రాణాలకి ముప్పు తెచ్చినా 6 నెలల వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జుర్మానా, లేదా రెండూ. అదీ అదాలత్ వెయ్యాలి. లాఠీ అన్న మాట అందులో లేదు.

"అంతమందిని ఆపేచోట ఒకటీ అరా జరగవా" అంటారు కొందరు పెద్దలు. ఆ ఒకటీ అరా మీ ఇంటి బిడ్డయితే? డ్యూటీలో కరోనా సోకి చనిపోయిన పోలీసులున్నారు, వాళ్ళ మగ్‌ఫిరత్ కోసం దువా చేస్తాను. మా కంకిపాడులో బందరు రోడ్డు మీద ఎండలో నిలబడ్డ కానిస్టేబుల్‌కి సలాం చెప్తాను. కానీ ఒకరి ఖుర్బానీ ఇంకొకరి జుల్మ్‌కి పర్దా కాకూడదు.

మస్జిద్ కమిటీల బుజుర్గులకి నా గుజారిష్ ఇదే. ఠాణాకి శాలువా తీసుకెళ్ళే రోజున ఒక దరఖాస్తు కూడా పట్టుకెళ్ళండి. సస్పెన్షన్ తర్వాత విచారణలో ఏం తేలిందో, మళ్ళీ ఇలాంటి ఆఫత్ వస్తే మందులకి పోయేవాడికి చిట్టీ ఎవరిస్తారో రాతపూర్వకంగా జవాబు అడగండి. ఖిద్మత్ వాళ్ళ జిమ్మేదారీ. మన మీద ఎహసాన్ కాదు.